పెన్సిల్‌తో రాసిన లకుముకి

ఈసారి వ్యాసం కాస్త పెద్దది. మెల్లగా చదవండి. నేనూ మెల్లగానే రాశాను, మూడు వారాలు పట్టింది. కష్టమైన మాట వచ్చిన చోట అర్థం అక్కడే చెప్పడానికి ప్రయత్నించాను. తప్పులు కనిపిస్తే చెప్పండి, దిద్దుకుంటాను.

నేను పాత పుస్తకాలు కొంటాను. అన్ని రకాలూ కాదు. మలయా అడవుల గురించి, చెట్ల గురించి, పిట్టలు, పాములు, పల్లెల గురించి రాసిన పాత ఇంగ్లీషు పుస్తకాలు మాత్రమే. ఇప్పుడు నా దగ్గర 61 ఉన్నాయి. "నువ్వు అకౌంట్స్ చదివావు కదా, నీకు ఈ పాముల పుస్తకాలు ఎందుకు?" అని మా అన్నయ్య అడుగుతాడు. నిజమే. ఈ పిచ్చి నాకు చదువు వల్ల రాలేదు. ఒక్క తెలుగు మాట వల్ల వచ్చింది.

చౌరస్తా మేడ మీద

పెనాంగ్‌లో, జార్జ్‌టౌన్‌లో, చౌరస్తా మార్కెట్ ఉంది. కింద కూరగాయలు, చేపలు, జాజికాయ ఊరగాయలు అమ్ముతారు. మేడ మీద పాత పుస్తకాల దుకాణాలు ఉంటాయి. చౌరస్తా అనేది మలాయ్ మాట అని నేను చిన్నప్పటి నుంచి అనుకునేదాన్ని. తెలుగు నేర్చుకోవడం మొదలుపెట్టాక హైదరాబాద్ వాళ్ల వీడియోల్లో "చౌరస్తా దగ్గర ఆపండి" అని విని నవ్వుకున్నాను. నాలుగు దారులు కలిసే చోటు అని అర్థం. హిందీ, ఉర్దూ నుంచి తెలుగులోకీ వచ్చింది, పెనాంగ్‌కీ వచ్చింది.

2017లో ఒక శనివారం అక్కడ ఎ.జి. గ్లెనిస్టర్ రాసిన పుస్తకం దొరికింది. పేరు 'ది బర్డ్స్ ఆఫ్ ది మలయ్ పెనిన్సులా, సింగపూర్ అండ్ పెనాంగ్'. ఆక్స్‌ఫర్డ్ వాళ్లు 1951లో అచ్చు వేశారు. అట్ట ఊడిపోయింది. కాగితం మీద గోధుమ రంగు మచ్చలు. పురుగు తొలిచిన సన్నని కన్నాలు. దుకాణం ఆయన 40 రింగిట్ చెప్పారు. నేను కొనాలని కూడా అనుకోలేదు, ఊరికే పేజీలు తిప్పుతున్నాను. ముందు యజమాని చాలా పిట్టల పక్కన పెన్సిల్‌తో గీత పెట్టాడు, తేదీ రాశాడు. మొదటి పేజీలో 'తెలుక్ ఆన్సన్, 1957' అని ఉంది. దాన్నే ఇప్పుడు తెలుక్ ఇంతాన్ అంటాం. మా మామ్మ పుట్టిన ఎస్టేట్ అక్కడికి దగ్గరే.

తెల్ల రొమ్ము కింగ్‌ఫిషర్ ఉన్న పేజీలో, అంచు మీద, ఇంగ్లీషు అక్షరాల్లో ఒక మాట ఉంది. లక్‌ముకి. దాని కింద చిన్నగా, 'కూలీ చెప్పాడు' అని ఇంగ్లీషులో.

అది మలాయ్ మాట కాదు. తమిళంలా కూడా అనిపించలేదు. నాకు అప్పటికి తెలుగు అక్షరాలు వచ్చి ఏడాదే అయింది, మాటలు తక్కువ. 40 రింగిట్ ఇచ్చి పుస్తకం తెచ్చుకున్నాను.

ఈపోలో మా మామ్మకి ఆ బొమ్మ చూపించాను. మామ్మ చదువుకోలేదు. కళ్లద్దాలు పైకి జరిపి చూసింది.

"ఏటే ఇది, పిట్టల పుస్తకమా? ఇది లకుముకి పిట్ట గదే. మా ఇంటి ఎనకాల డ్రైను గట్టు మీద కూకునేది. నీలి రెక్కలు. నీళ్లలోకి చూస్తా కూకునేది, టక్కున దూకేది."

ఆమెకి అక్షరాలు రావు. నాకు మాటలు రావు. పెన్సిల్ పట్టుకున్న ఆ దొరకి తెలుగే రాదు. అయినా ముగ్గురం కలిసి ఒక పిట్ట పేరు పూర్తి చేశాం. ఆ కూలీ ఎవరో మాత్రం ఎవరికీ తెలియదు. పిట్ట పేరు పుస్తకంలోకి ఎక్కింది, చెప్పినవాడి పేరు ఎక్కలేదు.

అప్పటి నుంచి పాత పుస్తకాలు కనిపిస్తే ముందు అంచులు చూస్తాను.

ఈ పుస్తకాలు ఎవరు రాశారు?

కొన్ని పేర్లు చెబుతాను. మీకు పాత దుకాణాల్లో కనిపిస్తే గుర్తుపట్టవచ్చు.

హెచ్.ఎన్. రిడ్లీ 1888లో సింగపూర్ బొటానిక్ గార్డెన్స్‌కి డైరెక్టర్‌గా వచ్చాడు. ఆయన రాసిన 'ఫ్లోరా ఆఫ్ ది మలయ్ పెనిన్సులా' 1922 నుంచి 1925 వరకు అయిదు సంపుటాలుగా వచ్చింది. తర్వాత అదే తోటకి డైరెక్టర్ అయిన ఐ.హెచ్. బర్కిల్ 1935లో ఒక నిఘంటువు ప్రచురించాడు. మలయాలో మనుషులకి ఉపయోగపడే మొక్కలు, జంతువులు, ఖనిజాలు అన్నీ అందులో ఉన్నాయి. రెండు సంపుటాలు కలిపి 2,400 పేజీలు. 1966లో కౌలాలంపూర్‌లో మళ్లీ అచ్చు వేశారు, నా దగ్గర ఉన్నది అదే. కూర్చుంటే ఒడిలో పిల్లాడంత బరువు.

ఇ.జె.హెచ్. కార్నర్ రాసిన 'వేసైడ్ ట్రీస్ ఆఫ్ మలయా' 1940లో వచ్చింది. దారి పక్క చెట్ల గురించి. ఆయన ఎత్తయిన చెట్ల నుంచి కొమ్మలు, పువ్వులు దింపడానికి బెరుక్ కోతులకు శిక్షణ ఇప్పించాడు. కొబ్బరికాయలు కోయడానికి మలాయ్ వాళ్లు పెంచే కోతులే అవి. ఎం.డబ్ల్యు.ఎఫ్. ట్వీడీ రాఫిల్స్ మ్యూజియంలో పని చేశాడు, 1953లో 'ది స్నేక్స్ ఆఫ్ మలయా' రాశాడు. జి.సి. మాడక్ పోలీసు అధికారి. జపాన్ వాళ్ల కాలంలో చాంగీలో ఖైదీగా ఉన్నప్పుడు పిట్టల పుస్తకం రాశాడు. యుద్ధం అయ్యాక 1947లో మలయన్ నేచర్ సొసైటీ దాన్ని ప్రచురించింది. జైల్లో ఆకలితో ఉన్న మనిషి పిట్టల గురించి రాశాడని తెలిశాక, ఆ పుస్తకాన్ని చేత్తో పట్టుకుంటే వేరేగా ఉంటుంది.

వీళ్లంటే నాకు గౌరవమే. ఓపికతో చూశారు, జాగ్రత్తగా రాశారు. కానీ వరసగా పది పుస్తకాలు చదివాక ఒక సంగతి గమనించాను. వీటిలో మలాయ్ పేర్లు ఉంటాయి, ఇంగ్లీషు పేర్లు ఉంటాయి, లాటిన్ పేర్లు ఉంటాయి. ఎస్టేట్లలో ఉన్న మనవాళ్లు కనిపించరు. తెల్లవారక ముందే లేచి, పాములు తిరిగే గడ్డిలో నడిచి, రోజంతా చెట్ల మధ్య ఉన్నది వాళ్లే కదా. కొబ్బరి మొవ్వులో కొమ్ము పురుగు ఎక్కడ దాక్కుంటుందో మా తాతకి తెలుసు. ఇనప కొక్కెం పెట్టి బయటికి లాగేవాడట. మొవ్వు అంటే చెట్టు తలలో ఉండే లేత భాగం. ఆ పురుగు మొవ్వు తింటే చెట్టు చచ్చిపోతుంది.

మన చరిత్ర కూడా ఆ చెట్లతోనే ముడిపడి ఉంది. 1877లో లండన్ క్యూ గార్డెన్స్ నుంచి 22 రబ్బరు మొక్కలు సింగపూర్‌కి వచ్చాయి. వాటిలో కొన్నిటిని పెరాక్‌లోని కువాలా కాంగ్సార్‌లో నాటారు. చెట్టు చావకుండా బెరడు కోసి పాలు తీసే పద్ధతిని రిడ్లీ కనిపెట్టాడు. రబ్బరు నాటండి అని అందరినీ వెంటపడి అడిగేవాడు కాబట్టి ఆయన్ని పిచ్చి రిడ్లీ అనేవారు. 1900 తర్వాత కార్లు వచ్చాయి, టైర్లు కావాలి, రబ్బరు ధర పెరిగింది, ఎస్టేట్లకు మనుషులు కావాలి. గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల నుంచి మనవాళ్లు వచ్చారు. కొందరు ఒప్పంద కూలీలుగా, తర్వాత కొందరు కంగాణీల వెంట. పెరాక్‌లో బగాన్ దాతో వైపు కొబ్బరి తోటల్లో తెలుగువాళ్లు ఎక్కువ. 1938లో భారత ప్రభుత్వం మలయాకి కూలీలను పంపడం ఆపేసింది. మా మామ్మ వాళ్ల నాన్న అంతకు ముందే వచ్చారు. ఏ ఊరు అని అడిగితే మామ్మ "ఇసాపట్నం" అంటుంది. అంతకంటే ఆమెకి తెలియదు.

రిడ్లీ పుస్తకం నా అలమరలో ఉంది. ఆయన నాటమన్న చెట్ల కోసమే మన జనం సముద్రం దాటారు. మనవాళ్లు మొదట కంపెనీల లెక్కల పుస్తకాల్లో తలల సంఖ్యగా కనిపిస్తారు.

కాకి కథ

పిట్టల పుస్తకాల్లో ఒక కథ చదివి మామ్మకి చెప్పాను. మన ఊరి కాకి, అంటే మెడ బూడిద రంగులో ఉండే కాకి, మలేసియా పిట్ట కాదు. 1900కి కాస్త అటూ ఇటూగా దాన్ని సిలోన్ నుంచి క్లాంగ్‌కి తెచ్చారు. అప్పుడు అక్కడ కాఫీ తోటలు ఉండేవి. గొంగళి పురుగులు ఆకులు తినేస్తున్నాయి. కాకులు పురుగులను తింటాయని తోట దొరలు అనుకున్నారు. కాఫీ పోయింది, రబ్బరు వచ్చింది. కాకులు మాత్రం ఉండిపోయాయి. ఇప్పుడు క్లాంగ్‌లో వాటిని బెడద అంటారు, నగర పాలక సంస్థ వాళ్లు తుపాకులతో కాల్పిస్తారు.

మామ్మ వింటూ తమలపాకు మడిచింది.

"అయితే దాన్ని కూడా దొరే పడవెక్కించి తెచ్చాడన్నమాట. మనలాగే. పురుగులు తినడానికి."

"అవును మామ్మా."

"పని అయిపోయాక ఎల్లిపొమ్మంటే అదెక్కడికెల్తాది?"

నేను ఏమీ అనలేదు. మామ్మ వాళ్ల ఎస్టేట్ అమ్మేసినప్పుడు వాళ్లకు లైను ఇల్లు ఖాళీ చేయడానికి కొద్ది వారాలే ఇచ్చారట. మామ్మ కాకి గురించే మాట్లాడుతోందో లేదో నాకు తెలియదు. ఆ పేజీ అంచున నేను పెన్సిల్‌తో ఆ రోజు తేదీ మాత్రం రాశాను.

లాటిన్ అనుకున్న మాట

ఇప్పుడు నాకు చాలా ఇష్టమైన భాగం.

ట్వీడీ పాముల పుస్తకంలో క్రెయిట్ అనే పాము ఉంది. విషం చాలా ఎక్కువ, రాత్రి తిరుగుతుంది. ఒంటి మీద అడ్డంగా పట్టీలు ఉంటాయి. ఒక రకానికి పసుపు, నలుపు పట్టీలు, ఇంకో రకానికి నలుపు, తెలుపు. మలాయ్‌లో ఉలార్ కాతాంగ్ తెబు అంటారు, చెరకు ముక్కల పాము. చెరకు గడలో కణుపుల్లాగా కనిపిస్తుంది కాబట్టి. మామ్మ చూడగానే "కట్లపాము" అంది. కట్టు అంటే కట్టిన పట్టీ. ఒకే పాముని చూసి ఒకరికి చెరకు గుర్తొచ్చింది, ఒకరికి కట్లు గుర్తొచ్చాయి.

పుస్తకంలో దాని శాస్త్రీయ నామం బుంగారస్. లాటిన్ మాట అనుకుని వదిలేశాను. చాలా నెలల తర్వాత ఆ పేరు ఎలా వచ్చిందో చదివాను. బుంగారస్ అంటే బంగారం. మన బంగారమే.

కథ ఇది. పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లాండ్ వైద్యుడు 1781లో విశాఖపట్నం వచ్చాడు. 1785లో ఈస్ట్ ఇండియా కంపెనీ ఆయన్ని ప్రకృతి శాస్త్రవేత్తగా నియమించింది. పాము కాటుతో మనుషులు చనిపోతున్నారు. ఏ పాముకి విషం ఉంది, ఏ పాముకి లేదు అన్నది ఎవరైనా చూసి తెలుసుకునేలా ఒక పుస్తకం చేయాలనుకున్నాడు. ఊళ్ల నుంచి పాములు తెప్పించుకున్నాడు. కోళ్ల మీద, కుక్కల మీద విషం పరీక్ష చేశాడు. 1796లో లండన్‌లో పుస్తకం అచ్చయింది. కోరమాండల్ తీరంలో సేకరించిన పాముల గురించి, పెద్ద రంగు బొమ్మలతో.

ఆయన పాములకు కొత్త పేర్లు పెట్టలేదు. తెచ్చినవాళ్లు ఏ పేరు చెబితే అది ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు. గంజాం తీరంలోని మన్సూర్‌కోట నుంచి వచ్చిన పసుపు, నలుపు పట్టీల పాము పేరు బంగారం పాము అని రాశాడు, ఆయన చెవికి వినిపించినట్టు. ఇంకో దాని పేరు కాటుక రేకుల పొడ. కాటుక కళ్లకు పెట్టుకునేది, రేకులు పువ్వుకి ఉండేవి, పొడ అంటే మచ్చ. ఆ పాము ఒంటి మీద మచ్చలు చూస్తే ఆ పేరు ఎంత సరిగ్గా ఉందో తెలుస్తుంది. ఆ పాముని ఇప్పుడు ప్రపంచమంతా రస్సెల్స్ వైపర్ అంటోంది. మనవాళ్ల పేరు పోయి ఆయన పేరు మిగిలింది. కానీ బంగారం మిగిలింది. 1803లో ఫ్రాన్స్‌లో డోడాన్ అనే ఆయన కట్లపాముల ప్రజాతికి బుంగారస్ అని పేరు పెట్టాడు. 150 ఏళ్ల తర్వాత మలయాలో ట్వీడీ తన పుస్తకంలో అదే పేరు రాశాడు.

అంటే, మన ముత్తాతలు పడవ ఎక్కక ముందే మన మాట ఒకటి పుస్తకంలో ఎక్కి ప్రయాణం మొదలుపెట్టింది. వాళ్లు ఇక్కడ గడ్డిలో నడుస్తూ భయపడిన పాము పేరులో ఆ మాట ఉంది. వాళ్లకి ఆ సంగతి తెలియదు. నా అలమరలో ఆ మాట ఏడాది పాటు ఉంది, నాకూ తెలియలేదు.

ఇంకొకటి. ఇంగ్లీషులో బాండికూట్ అనే మాట మన పందికొక్కు నుంచి వచ్చింది. పంది లాంటి ఎలుక అని. ఆ జాతి శాస్త్రీయ నామం బాండికోటా. పెనాంగ్‌లో, కెడాలో ఆ ఎలుకలు ఉన్నాయి. లార్డ్ మెడ్‌వే 1969లో రాసిన 'ది వైల్డ్ మామల్స్ ఆఫ్ మలయా' దొరికితే ఎలుకల భాగం చూడండి, ఆ పేరు కనిపిస్తుంది. పందికొక్కు మాట ఇంకా దూరం వెళ్లింది. ఆస్ట్రేలియాలో సంచి జంతువులు కొన్నిటిని చూసి ఇంగ్లీషువాళ్లు వాటినీ బాండికూట్ అన్నారు. వాటికీ మన ఎలుకకీ ఏ బంధుత్వమూ లేదు.

తప్పు తెలుగు

ఇది పాత పుస్తకాల కథ మాత్రమే కాదు. దీన్ని మీకు ఎందుకు చెబుతున్నానంటే, మీలో చాలామంది ఇంట్లో కూడా ఇదే జరిగి ఉంటుంది.

నేను తెలుగు ఒక పాఠ్యపుస్తకంతో, ఫోన్లో ఒక యాప్‌తో నేర్చుకున్నాను. మొదటి ఏడాది మామ్మని చాలాసార్లు దిద్దాను. "మామ్మా, ఏటి కాదు, ఏమిటి." "మామ్మా, ఎనకాల కాదు, వెనకాల." ఆమె నవ్వి ఊరుకునేది. తర్వాత నాతో తెలుగు తగ్గించి తమిళం, మలాయ్ కలిపి మాట్లాడడం మొదలుపెట్టింది. అది నేను ఆలస్యంగా గమనించాను. ఒకసారి అడిగితే "నీది పుస్తకాల తెలుగు, మాది ఎస్టేట్ తెలుగు గదే" అంది. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

రస్సెల్ పుస్తకం చదివాక నా తప్పు అర్థమైంది. ఆయనకి పాము పేర్లు పండితులు చెప్పినట్టు నాకు అనిపించలేదు. పాములు పట్టి తెచ్చినవాళ్లు, పొలంలో పని చేసేవాళ్లు చెప్పి ఉంటారు. విశాఖపట్నం, గంజాం వైపు మనుషులు. మా మామ్మ వాళ్ల నాన్న మాట్లాడిన భాష అదే. ఏటి అనే భాష. ఆ భాషలోని మాటే లాటిన్ పేరై ప్రపంచంలో ఏ మ్యూజియంకి వెళ్లినా సీసా మీద రాసి ఉంది.

రస్సెల్ ఒక్కడే కాదు. అదే కాలంలో విలియం రాక్స్‌బర్గ్ కాకినాడ దగ్గర సామర్లకోటలో ఉండేవాడు. మొక్కల మీద పని చేశాడు. ఆయన 'ప్లాంట్స్ ఆఫ్ ది కోస్ట్ ఆఫ్ కోరమాండల్' 1795 నుంచి 1820 వరకు మూడు సంపుటాలుగా వచ్చింది, 300 బొమ్మలు. మొక్కల తెలుగు పేర్లు కూడా ఆయన రాసుకున్నాడు. బొమ్మలు వేసింది స్థానిక చిత్రకారులు, వాళ్ల పేర్లు మనకు దక్కలేదు. తర్వాత సి.పి. బ్రౌన్ 1852లో తన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు అచ్చు వేసినప్పుడు మొక్కల మాటల దగ్గర రాక్స్‌బర్గ్‌ని చూపించాడు. మనలాంటి వాళ్లం ఇంటర్నెట్‌లో ఉచితంగా వాడుకునే బ్రౌన్ నిఘంటువు అదే. మొక్కల పేర్లు వెతికితే రాక్స్‌బర్గ్ పేరు పొట్టిగా చేసి పెట్టి ఉంటుంది, గమనించండి. సామర్లకోటలో ఎవరో చెట్టు చూపించి చెప్పిన మాట, అలా ఈపోలో నా ఫోన్ దాకా వచ్చింది.

రస్సెల్, రాక్స్‌బర్గ్ పుస్తకాలు నా దగ్గర లేవు. అసలు ప్రతులు కొనాలంటే నా జీతం చాలదు. పెద్ద గ్రంథాలయాలు వాటిని స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో పెట్టాయి, ఉచితంగా చూడవచ్చు. మామ్మకి టాబ్లెట్‌లో బంగారం పాము బొమ్మ చూపించాను. ఆ ఇంగ్లీషు అక్షరాలను వేలితో చూపిస్తూ పేరు పలికాను. "ఇది మీ ఊరి వాళ్లు చెప్పిన పేరు మామ్మా. రెండు వందల ఏళ్ల కిందట దొర రాసుకున్నాడు. మీ తెలుగు తప్పు కాదు. నేనే తప్పు."

ఆమె బొమ్మ చాలాసేపు చూసింది. "మరి దొరకి చెప్పినోడికి డబ్బులిచ్చాడేటి?" అంది. ఆ ప్రశ్న నాకు తట్టలేదు. మామ్మకి వెంటనే తట్టింది.

అంచు మీద రాయడం

పాత పుస్తకాలు సేకరించే ఒకాయన ఉన్నారు, పెటాలింగ్ జయాలో ఆమ్‌కార్ప్ మాల్ ఆదివారం సంతలో కలుస్తుంటాం. పుస్తకం మీద ఏమీ రాయకూడదు, రాస్తే విలువ పడిపోతుంది అని ఆయన అంటారు. ఆయన చెప్పింది నిజం. అందుకే నేను అట్టలు అతికించను, మచ్చలు తుడవను, తడి తగలకుండా చూస్తాను. కానీ పెన్సిల్‌తో రాస్తాను. అమ్మడానికి కాదు కదా కొన్నది.

ప్రతి ఆదివారం మామ్మకి పది బొమ్మలు చూపిస్తాను. ఆమె పేరు చెబితే తెలుగు అక్షరాల్లో, ఆమె పలికినట్టే రాస్తాను. నిఘంటువులో వేరేగా ఉన్నా మార్చను. పక్కన తేదీ, ఆమె పూర్తి పేరు, పుట్టిన ఎస్టేట్ పేరు రాస్తాను. 'కూలీ చెప్పాడు' అని ఎప్పుడూ రాయను.

ఇప్పటివరకు ఆమె 74 పేర్లు చెప్పింది. కొన్ని ఇవి:

ఉడుము: మలాయ్‌లో బియావాక్. డ్రైనుల్లో ఈదే పెద్ద బల్లి జాతి జంతువు.

తొండ: మలాయ్‌లో సుంపా-సుంపా. తల ఊపుతుంది, రంగు మారుస్తుంది.

గోరింక: మలాయ్‌లో గెంబాలా కెర్బౌ, గేదెల కాపరి అని అర్థం. గేదెల వెంట తిరిగి పురుగులు తింటుంది కాబట్టి.

జెముడుకాకి: మలాయ్‌లో బుట్‌బుట్. గోధుమ రంగు రెక్కలు, గొంతు లోతుగా ఉంటుంది. కాకి కాదు, కోకిల జాతి.

లకుముకి: మలాయ్‌లో రాజా ఉదాంగ్, రొయ్యల రాజు.

పునుగుపిల్లి: ముసాంగ్‌ని మామ్మ ఇలా అంటుంది. కల్లు కుండల్లో మూతి పెట్టి తాగేదట. ఇంగ్లీషువాళ్లు దానికి టాడీ క్యాట్, కల్లు పిల్లి, అని పేరు పెట్టారు. ఈ ఒక్క విషయంలో దొరలు, తాతలు ఒకటే చూశారు.

ఒక పేజీ ఖాళీగా ఉంది. గ్లెనిస్టర్ పుస్తకంలో నైట్‌జార్ అనే రాత్రి పిట్ట. చెక్క మీద సుత్తితో కొట్టినట్టు టక్, టక్, టక్ అని అరుస్తుంది. తాత రాత్రి గుమ్మంలో కూర్చుని ఆ అరుపుని అనుకరించేవాడు, ఎన్ని టక్‌లు వస్తాయో మామ్మతో పందెం వేసేవాడు. తాతకి దాని పేరు తెలుసు. మామ్మకి అరుపు గుర్తుంది, పందెం గుర్తుంది, ఎవరు ఎక్కువ గెలిచారో కూడా గుర్తుంది. పేరు గుర్తు లేదు. తాత 2009లో చనిపోయారు. నేను మొదటి తెలుగు అక్షరం రాసింది 2016లో.

నిఘంటువుల్లో వెతికితే ఆ పిట్టకి ఏదో ఒక తెలుగు పేరు దొరుకుతుంది. తాత అన్న పేరు అదో కాదో ఎలా తెలుస్తుంది? అందుకే అక్కడ ఏమీ రాయలేదు.

మీ ఇంట్లో మామ్మో, తాతో, పెద్దమ్మో ఉంటే ఈ ఆదివారం ఒక బొమ్మల పుస్తకం పట్టుకెళ్లండి. పాతదే కానక్కరలేదు. పిట్టలు, చెట్లు ఏవైనా సరే. వాళ్లు చెప్పిన మాటని దిద్దకండి. ముందు రాసుకోండి. చెప్పినవాళ్ల పేరు కూడా రాయండి.

మామ్మకి ఇప్పుడు కళ్లు సరిగా కనిపించడం లేదు. బొమ్మలు చూపించడం తగ్గించి, నేనే పిట్ట ఎలా ఉంటుందో తెలుగులో చెబుతున్నాను. రెక్క రంగు, ముక్కు, ఎక్కడ కూర్చుంటుంది. నా తెలుగు సరిపోకపోతే ఆమె మాట అందిస్తుంది. పోయిన వారం నేను చెప్పిన పిట్టని ఆమె గుర్తుపట్టలేదు. "నీ తెలుగు తప్పేమోనే" అని నవ్వింది.